తలుపు వెనక అంకె

ఒక పట్టణం చివర ఒక పేట ఉంది. ఆ పేటలో ఒక రేకుల ఇల్లు. ఆ ఇంట్లో అత్త, కోడలు, కొడుకు, ఇద్దరు పిల్లలు ఉంటారు. కొడుకు తాపీ పనికి పోతాడు. అత్తా కోడలూ పొదుపు సంఘంలో ఉన్నారు.

అత్తకు చిన్నప్పుడు చదువు లేదు. కిందటేడు రాత్రి బడికి పోయింది. అక్షరాలు నేర్చుకుంది. అంకెలు నేర్చుకుంది. కూడికలు, తీసివేతలు చేస్తుంది. ఇప్పుడు బస్సు మీద ఊరి పేరు తనే చదువుకుంటుంది.

ఒకరోజు పొద్దున్నే ఇద్దరు మనుషులు వచ్చారు.

"పెద్దమ్మా, పాత మీటరు తీసేస్తాం. స్మార్ట్ మీటరు పెడతాం" అన్నారు.

కొడుకు పనికి పోయాడు. ఇంట్లో ఆడవాళ్ళే ఉన్నారు. కోడలికి ఏం చెయ్యాలో తోచలేదు.

అత్త మాత్రం, "ఆగండి నాయనా. పాత మీటరులో ఎంత ఉందో చూడనివ్వండి" అంది. పీట వేసుకుని ఎక్కింది. ఒక్కొక్క అంకె కూడబలుక్కుని చదివింది. ఎనిమిది, నాలుగు, ఒకటి, ఏడు. 8417.

సుద్దముక్క తీసుకుని తలుపు వెనక రాసింది. పక్కన తేదీ వేసింది.

కొత్త మీటరు పెట్టాక మళ్ళీ పీట ఎక్కింది. అందులో 2 ఉంది. అదీ రాసింది.

"నాయనా, ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వండి" అని అడిగింది.

వాళ్ళలో ఒకడు నవ్వాడు. రెండో ఆయన నవ్వలేదు. "పెద్దమ్మ అడిగింది సబబే" అని రాసి ఇచ్చాడు. అత్త ఆ కాగితాన్ని రేషను కార్డుతో పాటు పెట్టెలో దాచింది.

పంపు దగ్గర మాటలు

సాయంత్రం పంపు దగ్గర ఆడవాళ్ళు కూడారు. అందరి నోటా కొత్త మీటరు మాటే.

"ఈ మీటరు గిరగిర తిరుగుతుందట. బిల్లు రెండింతలు వస్తుందట" అంది ఒకామె.

"బిల్లు కొట్టే అబ్బాయి ఇక రాడట. ఆఫీసులో కూర్చునే కరెంటు తీసేస్తారట" అంది ఇంకొకామె.

"సెల్‌ఫోనుకు వేసినట్టు ముందే డబ్బు వెయ్యాలట" అంది మూడో ఆమె.

పక్క వీధిలో ఒక అమ్మాయి ఉంది. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివింది. అందరూ ఆ అమ్మాయిని అడిగారు. ఆ అమ్మాయి ఒక్కొక్కటీ విడమరిచి చెప్పింది.

"పాత మీటరు అంకె చూసేందుకు మనిషి రావాలి. స్మార్ట్ మీటరు తన అంకెను తనే పంపుతుంది. అరగంటకోసారో, ఇంకా తక్కువ సేపటికోసారో ఎంత కరెంటు కాలిందో రాసిపెట్టుకుంటుంది. ఆ లెక్క సెల్‌ఫోను మాట పోయినట్టే గాలిలో ఆఫీసుకు పోతుంది. అందుకే బిల్లు కొట్టే అబ్బాయి రానక్కర లేదు."

"ఆఫీసు నుంచే తీసేస్తారన్నది నిజమేనా?" అడిగింది కోడలు.

"నిజమే. ఆఫీసు నుంచే తియ్యొచ్చు, ఆఫీసు నుంచే మళ్ళీ ఇవ్వొచ్చు. అందుకే బిల్లు కట్టే ఆఖరి తేదీ గుర్తుండాలి."

"ముందే డబ్బు వెయ్యాలా?"

"ఈ మీటరు రెండు రకాలుగా పని చేస్తుంది. కాల్చుకున్నాక బిల్లు కట్టడం ఒక రకం. ముందు డబ్బు వేసుకుని, ఆ డబ్బు అయ్యేదాకా కాల్చుకోవడం రెండో రకం. బీహార్‌లో లక్షల ఇళ్ళలో ఈ రెండో రకమే నడుస్తోంది. మన మీటరు ఏ రకమో కరెంటాఫీసులో అడగాలి. ఊహించుకోకూడదు."

"మరి గిరగిర తిరగడం?"

"మీటరు తనంతట తాను తిరగదు పిన్నీ. ఎంత కాలితే అంతే చూపాలి. పాత చక్రం మీటర్లు కొన్ని అరిగిపోయి నెమ్మదిగా తిరిగేవి. అక్కడ కొత్త మీటరు పెడితే అంకె పెరిగినట్టు కనిపిస్తుంది. కొత్త మీటరు కూడా యంత్రమే. అదీ చెడిపోవచ్చు. మనుషులు లెక్క తప్పు రాయనూవచ్చు. అందుకే మన అంకె మన దగ్గర ఉండాలి."

అత్త తల ఊపింది. తలుపు వెనక అంకె తలచుకుంది.

ఈ మీటర్లు ఎందుకు వచ్చాయి?

2021లో కేంద్ర ప్రభుత్వం ఒక పథకం మొదలుపెట్టింది. దేశం మొత్తం మీద 25 కోట్ల స్మార్ట్ మీటర్లు పెట్టాలని అనుకుంది. కరెంటు ఎక్కడ పోతోందో, ఎంత పోతోందో తెలియడానికి, బిల్లులు సరిగా వసూలు కావడానికి ఇవి కావాలని ప్రభుత్వం చెప్పింది. కొన్ని ఊళ్ళలో ఇవి వచ్చాయి. కొన్ని ఊళ్ళలో ఇంకా రాలేదు. మాకు వద్దని జనం అడ్డుచెప్పిన చోట్లూ ఉన్నాయి. మీ ఇంట్లో ఏ మీటరు ఉన్నా సరే, అంకె చదవడం నేర్చుకోవాలి. ఆ పని రెండింటికీ ఒకటే.

మీటరు చదవడం

స్మార్ట్ మీటరుకు చిన్న తెర ఉంటుంది. తెర మీద అంకెలు మారుతూ ఉంటాయి. ఒకసారి తేదీ వస్తుంది. ఒకసారి గంట వస్తుంది. ఒకసారి యూనిట్లు వస్తాయి. కొత్తవాళ్ళకు ఇది తికమక.

ఐ.టి.ఐ. అమ్మాయి పలక మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు రాసి చూపింది. కె, డబ్ల్యు, హెచ్. "అంకె పక్కన ఈ మూడు అక్షరాలు ఉంటే అవే యూనిట్లు. కె, డబ్ల్యు రెండే ఉంటే అది వేరే లెక్క. వి ఒక్కటే ఉంటే అదీ వేరే లెక్క. అక్షరాలు లెక్కపెట్టండి. మూడు ఉండాలి, మధ్యది డబ్ల్యు కావాలి."

అత్త పలక మీద ఆ మూడు అక్షరాలూ పదిసార్లు దిద్దింది. ఇంగ్లీషు రాకపోయినా ఆ మూడూ గుర్తుపట్టింది.

ఇంకో మెలకువ ఉంది. అంకెల మధ్య చుక్క ఉంటుంది. చుక్కకు ముందున్న అంకెలే యూనిట్లు. చుక్క తర్వాతవి యూనిట్‌లో ముక్కలు. 38.6 అని ఉంటే 38 యూనిట్లు అని రాసుకోవాలి. చుక్క చూడకపోతే 38 కాస్తా 386 అవుతుంది. గుండె గుభేలుమంటుంది.

యూనిట్ అంటే ఏమిటి?

బియ్యం కిలోల్లో కొలుస్తాం. పాలు లీటర్లలో కొలుస్తాం. కరెంటు యూనిట్లలో కొలుస్తాం. ప్రతి వస్తువు మీదా దాని వాట్లు రాసి ఉంటాయి. 1000 వాట్ల వస్తువు ఒక గంట వాడితే ఒక యూనిట్.

ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు. అది గంట కాలితే ఒక యూనిట్.

పాత రకం సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. అది సుమారు 13 గంటలు తిరిగితే ఒక యూనిట్.

ఎల్.ఇ.డి. బల్బు 9 వాట్లు. అది సుమారు 111 గంటలు వెలిగితే ఒక యూనిట్.

అత్తా కోడలూ తమ ఇంటి లెక్క వేశారు.

నాలుగు ఎల్.ఇ.డి. బల్బులు, రోజుకు 5 గంటలు: 4 × 9 × 5 = 180.

రెండు ఫ్యాన్లు, రోజుకు 12 గంటలు: 2 × 75 × 12 = 1800.

80 వాట్ల టీవీ, రోజుకు 3 గంటలు: 80 × 3 = 240.

మొత్తం 2220. దాన్ని వెయ్యితో భాగిస్తే 2.22. అంటే రోజుకు రెండు యూనిట్ల పైచిల్లర. నెలకు సుమారు 66 యూనిట్లు. ఎప్పుడైనా ఇస్త్రీ పెట్టె వాడితే ఇంకో ఒకటి, రెండు.

"అయితే మన ఇంట్లో బల్బులు కాదే, ఫ్యాన్లే ఎక్కువ తింటున్నాయి!" అంది అత్త. ఇన్నాళ్ళూ ఆమె బల్బు వెలిగితే చాలు మనవళ్ళను కసిరేది.

బిల్లు వచ్చింది

నెల తిరిగింది. బిల్లు కాగితం వచ్చింది. కొడుకు చూసి మండిపడ్డాడు.

"122 యూనిట్లా? నేను పొద్దంతా ఎండలో ఇటుకలు మోస్తుంటే మీరు ఫ్యాన్లు వేసుకుని పడుకుంటున్నారా?" అని పెళ్ళాం మీద అరిచాడు.

కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నేనేం చేశానండీ? రోజూ వాడినట్టే వాడాను" అంది.

"అయితే ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?"

అత్త లేచింది. "అరవకురా అబ్బాయ్. బిల్లు ఇటివ్వు" అంది. తలుపు మూసింది. తలుపు వెనక సుద్ద అంకెలు కనిపించాయి. పెట్టెలోంచి సంతకం పెట్టిన కాగితమూ తీసింది.

"అమ్మాయ్, పలక తే" అంది.

ఇద్దరూ లెక్క వేశారు.

పోయిన నెల బిల్లులో పాత మీటరు అంకె 8385. మీటరు తీసిన రోజు అంకె 8417. 8417లోంచి 8385 తీసేస్తే 32.

కొత్త మీటరు పెట్టిన రోజు అంకె 2. బిల్లు నాటి అంకె 38. 38లోంచి 2 తీసేస్తే 36.

32, 36 కలిపితే 68 యూనిట్లు.

మరి 122 ఎలా వచ్చింది? అత్త బిల్లు మీద వేలు పెట్టి మళ్ళీ చదివింది. ఎనిమిది, నాలుగు, ఏడు, ఒకటి. 8471.

"చూశావురా! 8417ని 8471 అని రాశారు. 1, 7 తారుమారు చేశారు. 54 యూనిట్లు మన నెత్తిన పడ్డాయి" అంది.

కొడుకు తనూ ఒకసారి కూడి చూశాడు. ఏం మాట్లాడలేదు. కాసేపటికి భార్య వైపు తిరిగి, "నా పొరపాటే" అన్నాడు.

54 యూనిట్లకు ఎంత తేడా?

కరెంటు ధర అందరికీ ఒక్కటే కాదు. తక్కువ కాల్చితే యూనిట్ ధర తక్కువ. ఎక్కువ కాల్చేకొద్దీ పై యూనిట్ల ధర పెరుగుతుంది. మెట్లు ఎక్కినట్టు అన్నమాట. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 సంవత్సరానికి విద్యుత్ నియంత్రణ మండలి ఇళ్ళకు పెట్టిన ధరలు చూడండి.

మొదటి 30 యూనిట్లు: యూనిట్‌కు రూ. 1.90

31 నుంచి 75 వరకు: యూనిట్‌కు రూ. 3.00

76 నుంచి 125 వరకు: యూనిట్‌కు రూ. 4.50

ఆ పైన ఇంకా మెట్లు ఉన్నాయి. ఈ పాఠంలో లెక్కకు ఈ ధరలే తీసుకుందాం. మీ బిల్లుకు, ఇప్పుడు మీ ఊళ్ళో ఉన్న ధరతో లెక్క వేసుకోండి.

68 యూనిట్లకు: 30 యూనిట్లకు రూ. 57. మిగతా 38 యూనిట్లకు రూ. 114. మొత్తం రూ. 171.

122 యూనిట్లకు: 30 యూనిట్లకు రూ. 57. తర్వాతి 45 యూనిట్లకు రూ. 135. మిగతా 47 యూనిట్లకు రూ. 211.50. మొత్తం రూ. 403.50.

తేడా రూ. 232.50. రెండు అంకెలు తారుమారైతే ఇంత తేడా వచ్చింది. ఇది కరెంటు కాల్చినందుకు పడే డబ్బు మాత్రమే. బిల్లులో స్థిర ఛార్జీ, సుంకం, సర్దుబాటు ఛార్జీ వంటివి వేరే వరుసల్లో ఉంటాయి. సర్దుబాటు ఛార్జీ అంటే, కరెంటు కొన్న ఖర్చు పెరిగిందని తర్వాత కలిపేది. ఏ వరుసలో ఎంత పడిందో చదవండి. యూనిట్లు పెరగకుండానే బిల్లు పెరిగితే ఆ వరుసలు చూడండి.

తెలంగాణలో 2024లో గృహజ్యోతి పథకం మొదలైంది. అర్హత ఉన్న ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. 200 దాటితే ఆ నెల బిల్లు కట్టాల్సిందే. అలాంటి ఇంట్లో నెల మధ్యలో అంకె చూసుకోవడం ఇంకా అవసరం.

కరెంటాఫీసులో

మర్నాడు అత్తా కోడలూ కరెంటాఫీసుకు పోయారు. పాత బిల్లు, కొత్త బిల్లు, సంతకం పెట్టిన కాగితం తీసుకుపోయారు.

"బిల్లు వస్తే కట్టాలమ్మా. మీటరు అబద్ధం చెప్పదు" అన్నాడు గుమాస్తా.

"మీటరు తప్పనలేదయ్యా. రాసిన చెయ్యి తప్పు. ఇదిగో కాగితం. మీరే కూడి చూడండి" అంది అత్త.

ఆయన కూడాడు. తీసేశాడు. మీటరు తీసినప్పుడు తీసిన ఫొటో కంప్యూటరులో చూశాడు. అందులోనూ 8417 ఉంది.

"అర్జీ రాసివ్వండి, సరిచేస్తాం" అన్నాడు.

అర్జీ ఎవరితో రాయిద్దామా అని కోడలు చుట్టూ చూసింది. అత్త బల్ల మీద ఉన్న కలం తీసుకుంది. నాలుగు వాక్యాలు రాసింది. గీతలు వంకరగా ఉన్నాయి. అంకెలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. కింద వేలిముద్ర వెయ్యలేదు. సంతకం పెట్టింది.

"రసీదు ఇవ్వండయ్యా" అని అడిగి తీసుకుంది.

పది రోజులకు సరిచేసిన బిల్లు వచ్చింది. అందులో 68 యూనిట్లు ఉన్నాయి.

ఫోను ఎవరిది?

స్మార్ట్ మీటరు వచ్చాక బిల్లు వివరం, ఆఖరి తేదీ ఫోనుకు వస్తాయి. ముందు డబ్బు వేసే రకమైతే, డబ్బు అయిపోతోందన్న కబురూ ఫోనుకే వస్తుంది. ఆ ఫోను ఎవరిది?

ఈ ఇంట్లో కొడుకు నంబరు రాసి ఉంది. అతను పొద్దున పోతే రాత్రికి వస్తాడు. ఫోనులో ఏం వచ్చిందో చూడడు. పొయ్యి దగ్గర, పిల్లల దగ్గర, నీళ్ళ మోటారు దగ్గర ఉండేది ఆడవాళ్ళు. కరెంటు పోతే మొదట ఇబ్బంది పడేదీ వాళ్ళే. కబురు మాత్రం వాళ్ళకు రాదు.

అందుకే కోడలు తన నంబరు రాయించుకుంది. ఇప్పుడు కబురు ఆమెకే వస్తుంది.

ఒకరోజు రాత్రి ఆ ఫోనుకు ఒక కబురు వచ్చింది. "ఈ రాత్రి 9.30కి మీ కరెంటు కట్ చేస్తాం. పోయిన నెల బిల్లు కట్టలేదు. వెంటనే ఈ నంబరుకు ఫోను చెయ్యండి" అని ఉంది.

కోడలు కంగారుపడింది. అత్త నెమ్మదిగా చదివించుకుంది. "మన సర్వీసు నంబరు ఉందా అందులో?" అని అడిగింది. లేదు. "పంపింది ఎవరు?" మామూలు పది అంకెల ఫోను నంబరు. "పోయిన నెల బిల్లు కట్టిన రసీదు ఉందా?" ఉంది.

"అయితే అది దొంగ కబురు. ఫోను చెయ్యకు" అంది అత్త.

ఇలాంటి దొంగ కబుర్లు చాలామందికి వచ్చాయి. ఫోను చేస్తే తీయగా మాట్లాడతారు. ఏదో ఒకటి ఫోనులో వేసుకోమంటారు. ఓ.టి.పి. చెప్పమంటారు. బ్యాంకులో డబ్బు ఖాళీ చేస్తారు. అనుమానం వస్తే 1912కు ఫోను చెయ్యండి. కరెంటు ఫిర్యాదులకు ఆ నంబరు ఉంది.

మీటరు మీద అనుమానం వస్తే

మీటరుకు చిన్న ఎర్ర దీపం ఉంటుంది. కరెంటు కాలేకొద్దీ అది మినుకుమినుకుమంటుంది. ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపి చూడండి. దీపం మినుకుమనడం ఆగాలి. ఆగకపోతే ఎక్కడో తేడా ఉంది. మన తీగ నుంచి ఇంకెవరో వాడుకుంటూ ఉండవచ్చు. లేదా తీగ చెడి ఉండవచ్చు. తీగను మీరు ముట్టుకోవద్దు. లైన్‌మన్‌ను పిలవండి.

మీటరే తప్పు చూపుతోందని అనుమానమైతే ఫిర్యాదు రాసివ్వండి. 2020లో కేంద్ర ప్రభుత్వం కరెంటు వాడేవాళ్ళ హక్కుల మీద నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ఫిర్యాదు వచ్చిన 30 రోజుల్లో మీటరును పరీక్షించాలి. 2024లో ఇంకో మాట చేర్చారు. వాడకానికి, మీటరు అంకెకు పొంతన లేదని ఫిర్యాదు చేస్తే, 5 రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టాలి. కనీసం 3 నెలలు రెండింటినీ పోల్చి చూడాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి. అడిగితేనే హక్కు పనికొస్తుంది.

2023లో నిబంధనల్లో ఇంకో మార్పు వచ్చింది. స్మార్ట్ మీటరు ఉన్నచోట పగలు ఒక ధర, సాయంత్రం ఒక ధర పెట్టవచ్చు. ఎండ ఉన్నప్పుడు సూర్యుడి కరెంటు ఎక్కువ దొరుకుతుంది కనుక అప్పుడు చవక. సాయంత్రం అందరూ వాడతారు కనుక అప్పుడు ప్రియం. మీ ఇంటికి ఆ పద్ధతి ఉందో లేదో అడిగి తెలుసుకోండి. ఉంటే ఇస్త్రీ, నీళ్ళ మోటారు పగలే కానివ్వండి.

ఇప్పుడు ఆ పేటలో చాలా ఇళ్ళలో తలుపు వెనక అంకెలు ఉన్నాయి. ప్రతి నెలా ఒకటో తేదీన ఆడవాళ్ళు పీట వేసుకుని మీటరు చదువుతారు. సంఘం మీటింగులో పొదుపు లెక్కతో పాటు కరెంటు లెక్కా చూసుకుంటారు.

గుర్తుంచుకోండి

1. మీటరు మార్చే రోజు పాత అంకె, కొత్త అంకె రెండూ రాసుకోవాలి. సంతకం తీసుకోవాలి.

2. ప్రతి నెలా ఒకే తేదీన అంకె రాసుకోవాలి.

3. బిల్లులు, రసీదులు దాచుకోవాలి.

4. కబురు వచ్చే ఫోను నంబరు ఎవరిదో తెలుసుకోవాలి.

5. ఓ.టి.పి. ఎవరికీ చెప్పకూడదు.

లెక్కలు చెయ్యండి

1. పోయిన నెల అంకె 214. ఈ నెల అంకె 279. ఎన్ని యూనిట్లు కాలాయి?

2. 60 యూనిట్లకు పై ధరల ప్రకారం ఎంత అవుతుంది?

3. మీ ఇంట్లో ఎన్ని ఫ్యాన్లు ఉన్నాయి? రోజుకు ఎన్ని గంటలు తిరుగుతాయి? నెలకు ఎన్ని యూనిట్లు?

జవాబులు రాయండి

1. అత్త తలుపు వెనక ఏమి రాసింది? ఎందుకు రాసింది?

2. కొడుకు ఎవరి మీద కోప్పడ్డాడు? తప్పు ఎక్కడ జరిగింది?

3. దొంగ కబురు అని అత్త ఎలా గుర్తుపట్టింది?

కొత్త మాటలు

మీటరు, యూనిట్, వాట్లు, సర్వీసు నంబరు, రసీదు, అర్జీ, స్థిర ఛార్జీ, నియంత్రణ మండలి

ఈ మాటలు రెండేసి సార్లు రాయండి. తర్వాత మీ ఇంటి బిల్లు తీయండి. వీటిలో ఏ మాటలు అందులో ఉన్నాయో వెతికి కింద గీత గీయండి. ఈ రోజే మీ మీటరు అంకె చదివి, తేదీ వేసి, తలుపు వెనక రాయండి.